చెరి సగం పెరుగు

పెరుగు కంచంలో పడితే చప్పుడు కాకూడదు. పంతొమ్మిదివందల యాభై ఏడు మార్చి నెల, రెండో ఆదివారం మధ్యాహ్నం, వాల్తేరు ప్రొఫెసర్ల కాలనీ పదకొండో నంబరు ఇంట్లో, విశ్రాంత ప్రధానోపాధ్యాయులు చామర్తి పేరయ్యశాస్త్రి గారి వెండికంచంలో పెరుగు ఠంగుమని పడింది. పడి, ఒకసారి ఎగిరి, కంచం అంచు దాటి, నేల మీద దొర్లుకుంటూ పోయి గోడకు తగిలి ఆగింది.

శాస్త్రిగారికి ఎనభై ఒకటో ఏడు. కళ్ళు మందగించాయి గాని చెవులు చురుకు.

"వర్ధనం, గరిటె జారిందా అమ్మా?"

"లేదు మామయ్యగారూ," అంది కోడలు వర్ధనమ్మ. "పెరుగే. నిన్నటికంటే కాస్త గట్టిగా తోడుకున్నట్టుంది."

"కాస్తా? దొర్లింది కదే! దొర్లేదాన్ని పెరుగనడం నా అరవై ఏళ్ళ చదువులో ఎక్కడా చూడలేదు."

పెరుగు దొర్లిన చోటికి కోడలి కంటే ముందు చేరినవాడు కొడుకు. డాక్టర్ కామేశం విశ్వవిద్యాలయంలో జీవరసాయన శాఖ రీడరు, నలభై అయిదేళ్ళవాడు, పక్కవాళ్ళ పెళ్ళి భోజనానికైనా జేబులో సూదిత్రాసు లేకుండా వెళ్ళడు. నిలువుగా నిలిపిన ఉక్కుసూది మీద బరువులు పేర్చి, ఎంత బరువుకు సూది పెరుగులో దిగుతుందో కొలిచే చిన్న పరికరమది. గోడ వార బాసింపట్టు వేసుకుని కూర్చుని, బరువుల మీద బరువులు పెట్టి, ఆనందంతో తలెత్తాడు.

"నాన్నగారూ, పదకొండు కిలోలు! నిన్న ఏడే!"

"నాయనా, నీ సూది దిగితే నాకేం లాభం? నా చిగుళ్ళు దిగాలి కదా."

శాస్త్రిగారి బాధ హాస్యానికి మించినది. ఆయన నోట పళ్ళు ఒక్కటీ లేవు. కడుపులో పుండు ఉండడం వల్ల కారమూ పులుపూ డాక్టరు మాన్పించి మూడేళ్ళయింది. పాలు తాగితే పడవు. రెండు పూటలా మెత్తగా పిసికిన కమ్మని పెరుగన్నం ఒక్కటే ఆయన ప్రాణాన్ని పట్టి నిలుపుతున్న ఆహారం. ఇప్పుడది పదకొండు కిలోల వద్ద ఉంది.

ఈ గట్టిదనం ఎక్కడ పుట్టిందో చెప్పాలంటే యుద్ధకాలానికి వెళ్ళాలి.

ఆ రోజుల్లో రేవులో దిగే మిత్రపక్షాల సైనికుల కోసం, ఎంత ఎండకైనా విరగని పెరుగు తయారుచేయమని ప్రభుత్వం రసాయన శాఖను కోరింది. అప్పటికి డెమాన్‌స్ట్రేటరుగా ఉన్న కామేశం రెండు వేసవులు శ్రమించి ఒక తోడును సాధించాడు. అదంతా ఒకే పెద్ద జాడీలో ఉండేది. ఎండ అనే ఉమ్మడి శత్రువు ఎదుట ఆ జాడీ నాలుగేళ్ళు ఒక్కమాటగా నిలబడింది. రోహిణీకార్తెలో కూడా మెత్తగా, కమ్మగా, వెన్నలా ఉండేది. యుద్ధం ముగిసింది. సైనికులు ఓడలెక్కారు. మరుసటి ఏడు విశ్వవిద్యాలయం రసాయన శాఖను చీల్చి రెండు శాఖలుగా చేసింది. పంపకాలు ఇద్దరు హెడ్‌గుమాస్తాల చేతిలో పడ్డాయి. వాళ్ళు స్టూళ్ళు చెరి సగం పంచారు, గాజు గొట్టాలు చెరి సగం పంచారు, బేసిగా మిగిలిన గోడ గడియారాన్ని ఆర్నెల్లు అక్కడా ఆర్నెల్లు ఇక్కడా ఉండేలా తీర్మానించారు. రిజిస్టరులో "జాడీ, పెరుగు సహా – ఒకటి" అని ఉన్నందువల్ల, నియమం తప్పకుండా పెరుగును కూడా చెరి సగం కోసి, రెండు జాడీల్లో పెట్టి, మధ్య గోడ కట్టించారు.

పదిహేను రోజుల్లో కామేశం సూది వింత చూపడం మొదలుపెట్టింది. ఎడమ గదిలో పెరుగు పది గ్రాములకు దిగితే కుడి గదిలోది పన్నెండు అడిగేది. మర్నాటికి ఎడమది పదిహేను. ఆ పై రోజు కుడిది ఇరవై. రెండిటి మధ్య సంబంధం తెంపుదామని అతను ఒక జాడీని బస్సులో భీమిలి తీసుకెళ్ళి చూశాడు, సీసపు పెట్టెలో పెట్టి చూశాడు, లాభం లేదు. రెండిటినీ తిరిగి ఒకే జాడీలో పోస్తే మాత్రం ఆ పోటీ ఆగిపోయేది. తొమ్మిదేళ్ళ పాటు కొలిచి, కొట్టివేసి, మళ్ళీ రాసి, చివరికి ఒక వ్యాసం ప్రకటించాడు. దాని సారం ఒక వాక్యంలో ఇమిడేది: ఒకే కుండ నుంచి విడిపోయిన రెండు సగాల్లో ప్రతి ఒక్కటీ తన అవసరాన్ని బట్టి కాక, అవతలి సగం ఎంత గట్టిపడుతుందో దాన్ని బట్టి గట్టిపడుతుంది.

ఆ వ్యాసాన్ని ప్రపంచం మొత్తం మీద ఏడుగురు చదివారు. వారిలో ఒకరు అమెరికావారు, ఒకరు రష్యావారు. యుద్ధంలో ఒకే పక్షాన పోరాడిన ఈ రెండు దేశాలకు ఇప్పుడు ఒకరి పొడ ఒకరికి గిట్టదు. కనుక ఒకరు వ్యాసం చదివిన సంగతి రెండో వారికి తెలిసిన వారంలోపే వాల్తేరుకు ఇద్దరు నిపుణులు దిగారు.

అమెరికా నిపుణుడు హార్ట్‌వెల్ తూర్పు బంగళాలో దిగాడు. ఆరడుగుల మూడంగుళాల మనిషి. చొక్కా నిండా పెన్నులు. తెలుగు తన వంటవాడు నారాయుడి దగ్గర నేర్చుకున్నాడు కనుక అందరినీ, వైస్ ఛాన్సలరును కూడా, "నువ్వు" అనేవాడు. రష్యా నిపుణుడు గ్రిబానోవ్ పడమటి బంగళాలో దిగాడు. పొట్టిగా, గుండ్రంగా ఉండేవాడు. తన దేశంలోనే నాలుగేళ్ళు పాత పుస్తకాల నుంచి తెలుగు అభ్యసించి వచ్చాడు.

"ఆర్యా, నమస్కారము. మీ పరిశోధన మా విద్వాంసులకు మిగుల ఆశ్చర్యమును కలిగించినది," అన్నాడు అతను తొలిసారి పదకొండో నంబరు గుమ్మంలో నిలబడి.

శాస్త్రిగారు పడకకుర్చీలో లేచి కూర్చున్నారు. "కామేశం, ఈ బాబును లోపలికి పిలు. నీ డిపార్టుమెంటులో ఇంత శుద్ధంగా మాట్లాడేవాడు ఒక్కడున్నాడా?"

విశ్వవిద్యాలయం ఎవరినీ నొప్పించకూడదని తలచి ఎడమ జాడీని హార్ట్‌వెల్‌కూ కుడి జాడీని గ్రిబానోవ్‌కూ "పరిశీలన నిమిత్తం" అప్పగించింది. హార్ట్‌వెల్ తన జాడీని రిఫ్రిజిరేటరులో పెట్టి తాళం వేశాడు. ఆ మాట విన్న గ్రిబానోవ్ రెండు తాళాల రిఫ్రిజిరేటరు తెప్పించాడు. హార్ట్‌వెల్ కాపలా మనిషిని పెట్టాడు. గ్రిబానోవ్ కాపలా మనిషినీ, ఒక కుక్కనూ పెట్టాడు. ఒకనాడు హార్ట్‌వెల్ తన పెరుగుబిళ్ళను మామిడిచెట్టుకు ఆనించి తుపాకి పేల్చి చూస్తే గుండు బిళ్ళకు తగిలి వెనక్కి వచ్చి రిజిస్ట్రారు గారి కిటికీ అద్దం పగలగొట్టింది. మర్నాడు ఉదయం పదింటికి రిజిస్ట్రారు గారి రెండో కిటికీ పగిలింది.

"దొరా, నీకు ఇంత గట్టి పెరుగు దేనికి?" అని కామేశం ఓసారి అడిగాడు.

"నాకు గట్టి పెరుగు వద్దు," అన్నాడు హార్ట్‌వెల్ నిజాయితీగా. "వాడి కంటే గట్టిది కావాలి. అంతే."

ఇంతవరకూ ఇది రెండు బంగళాల గొడవ. కాలనీలోకీ ఊళ్ళోకీ ప్రవేశించినది కామేశం చేసిన ఒక్క పొరపాటు వల్ల. సంక్షోభం రేపిన ఆదివారానికి నెల ముందు ప్రయోగశాల కప్పు కారడం వల్ల, తన దగ్గర మిగుల్చుకున్న రెండు నమూనాలను అతను ఇంటికి తెచ్చి వంటింటి గూట్లో పెట్టాడు. ఎడమ జాడీ నమూనా ఎడమ గిన్నెలో, కుడిది కుడి గిన్నెలో. భార్యతో ఒక్క మాట చెప్పాడు: "వీటిని ముట్టుకోకు."

ముట్టుకోవద్దంటే వర్ధనమ్మ ముట్టుకోదు. కాని సాయంత్రం నాలుగింటికి ఎదురింటి తులశమ్మ గిన్నె పట్టుకుని వచ్చి, "వదినా, ఒక్క చెంచా తోడుంటే ఇస్తారా, మా పిల్లి మూకుడు దొర్లించేసింది," అంటే ఎలా లేదంటుంది? ఇల్లాలన్నది తోడు లేదని చెప్పకూడదు. ఇంట్లో పెరుగు ఆ పూట అయిపోయింది. గూట్లో రెండు గిన్నెలున్నాయి. ఒక్క చెంచా తీస్తే ఎవరికి తెలుస్తుంది? తూర్పు వరుస ఇళ్ళవాళ్ళు వంటింటి కిటికీ నుంచి అడిగేవారు. అక్కడికి ఎడమ గిన్నె దగ్గర. పడమటి వరుసవాళ్ళు పెరటి గుమ్మం నుంచి అడిగేవారు. అక్కడికి కుడి గిన్నె దగ్గర. తను కూడా ఓ చెంచా వాడుకుంది. ఆమె ఇచ్చిన ఇల్లు మరో ఇంటికిచ్చింది, ఆ ఇల్లు ఇంకో ఇంటికి. మూడు వారాల్లో కాలనీ రెండు కూటములుగా చీలిపోయింది.

మొదట్లో అందరికీ ముచ్చటగానే ఉండేది.

"మా పెరుగు చాకుతో కోసుకోవచ్చు వదినా," అంది తులశమ్మ గర్వంగా.

"మాది రంపంతో," అంది పడమటి వరుస లెక్చరరు భార్య.

తరవాత కవ్వాలు విరిగాయి. తరవాత ఒకరింట్లో పెరుగు తీయబోతే గిన్నె అడుగు ఊడి పెరుగుకే అతుక్కుపోయింది. ఆ తరవాత ఎవరికీ ముచ్చట మిగల్లేదు. అప్పటికే చెంచా చెంచాగా ఊరు దాటి, రైలు కట్ట వెంబడి ఒక పక్క విజయనగరం, మరో పక్క అనకాపల్లి వరకూ ఆ రాతి పెరుగు పాకింది.

ఆదివారం శాస్త్రిగారు అన్నం ముట్టలేదు. సోమవారం కామేశం తుని వెళ్ళి టిఫిన్ క్యారియరు నిండా మెత్తని పెరుగు తెచ్చాడు. పెద్దాయన ఒక పూట తృప్తిగా భోంచేశారు. మిగిలింది వర్ధనమ్మ ఇంటి గిన్నెలోకి వంచింది. గిన్నె తోమినదే, కాని ఎంత తోమినా ఒక చుక్క అంటి ఉండక మానదు. మర్నాటికి తుని పెరుగు ఏదో ఒక కూటమిలో చేరిపోయింది. బుధవారం మళ్ళీ తుని వెళ్తే అక్కడి హోటలువాడు ఉలి తెచ్చి చూపించి, "ఎంత కావాలి బాబూ?" అన్నాడు.

గురువారం డాక్టరు వచ్చి నాడి చూశాడు. వీధి వరండాలోకి కామేశాన్ని పిలిచి, "బార్లీ నీళ్ళు రెండు గుక్కలు తాగి మొహం తిప్పేస్తున్నారు. ఈ వయసులో ఒంట్లో నిలవ ఏముంటుంది? ఇలాగే ఇంకో వారమైతే నేను చేసేదేమీ ఉండదు," అని చెప్పి వెళ్ళాడు.

లోపలి నుంచి శాస్త్రిగారి గొంతు సన్నగా వినిపించింది. "డాక్టరు గారూ, నాకు వినపడిందండీ. వారమంటే ఆదివారంతో కలిపేనా?"

వర్ధనమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది. గూట్లో ఆ రెండు గిన్నెలను చూస్తూ చాలాసేపు నిలబడింది. ఆ తోడు పంచినది తన చెయ్యి. బయటికి వచ్చి భర్తతో అంది: "ఆ ఇద్దరినీ రేపు పొద్దున్నే మన ఇంటికి పిలవండి. రెండు సగాలూ ఒక కుండలో కలిస్తే మెత్తబడతాయని మీరే రాశారుట కదా."

"వాళ్ళు ఇవ్వరే."

"మీరు అడిగితే ఇవ్వరు. నేను అడుగుతాను."

శుక్రవారం ఉదయం వరండాలో రెండు కుర్చీలు వేసింది. నిపుణులిద్దరూ ఒకరికి వీపు ఒకరు పెట్టి కూర్చున్నారు. మధ్యలో గుమ్మానికి ఎదురుగా పడకకుర్చీలో శాస్త్రిగారు, దుప్పటి కప్పుకుని. అయిదు రోజుల్లో ఆయన ముక్కు బయటికి వచ్చి, మొహం లోపలికి పోయింది.

హార్ట్‌వెల్ గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, నువ్వు వాడికి చెప్పు. వాడు ముందు కరిగించాలి. నేను తర్వాత. ఒట్టు."

"ఇతనికి తెలుగు ఎవరు నేర్పారు?" అన్నారు శాస్త్రిగారు.

"వాళ్ళ వంటవాడు నారాయుడు, మామయ్యగారూ."

"నేర్పినంతకాలం వాడే యజమాని అయ్యుంటాడు."

గ్రిబానోవ్ ఛాతీ మీద చేయి వేసుకున్నాడు. "అమ్మా, మేము శాంతికాముకులము. మా పాత్ర కఠినమగుటకు వారి పాత్రయే హేతువు. ప్రథమమున వారు కరిగించినచో మరునాడే మేమును కరిగింతుము."

"మరునాడెందుకు బాబూ? అప్పుడే కరిగించకూడదూ?"

"ఒక దినము పరిశీలనార్థము."

"చూశావా!" హార్ట్‌వెల్ కుర్చీలో ఎగిరిపడ్డాడు. "ఒక రోజంతా నాది మెత్తగా, వాడిది గట్టిగా! ఆ ఒక్క రోజులో వాడు ఏం చేస్తాడు?"

"ఏం చేస్తాడు నాయనా?" అంది వర్ధనమ్మ. "గట్టి పెరుగుతో ఎవరైనా ఏం చేస్తారు?"

హార్ట్‌వెల్ పెన్నులు ఒక్కొక్కటే తడుముకున్నాడు. చివరికి చిన్నగా అన్నాడు: "తెలీదమ్మా. తెలీదు కాబట్టే భయం."

"మేమును ఎరుగము," అన్నాడు గ్రిబానోవ్ గోడ వైపు చూస్తూ. "ఎరుగకపోవుటచేతనే భయము."

ఉభయులూ ఒక మాట మీదికి రావడం అదే మొదలు. తప్పుగా వచ్చిన లెక్కలా ఇద్దరూ దాన్ని వెంటనే కొట్టివేసి మళ్ళీ వీపులు సర్దుకున్నారు.

"సరే," అంది వర్ధనమ్మ. "మీ జాడీలు మీ దగ్గరే ఉంచుకోండి. నాకు చెరొక చెంచా తోడు ఇవ్వండి. పొరుగింటి ఆడది అడిగితే చెంచా తోడు లేదంటారా?"

జాడీలు ఇవ్వకూడదని ఇద్దరికీ ఉత్తర్వులున్నాయి. చెంచా గురించి ఏ ఉత్తర్వులోనూ లేదు. రెండు గంటల చర్చలో ఆ చెంచా ఎవరి దేశపుదై ఉండాలన్నది తేలక, కాలనీ మందులషాపు వాడి త్రాసు తెప్పించారు. ఉలితో చెక్కిన పెరుగు పొడిని ఆవగింజ తేడా లేకుండా తూచారు. వర్ధనమ్మ రెండు పొట్లాలనూ ఒకేసారి, రెండు చేతులతో, గోరువెచ్చని పాలలో పోసి మూతపెట్టింది.

శనివారం ఉదయం మూత తీస్తే పాలు పాలుగానే ఉన్నాయి. మధ్యాహ్నం చూస్తే పాలే. మార్చి ఎండలో, మూతపెట్టిన పాలు, తోడుకోకుండా, పులవకుండా, విరగకుండా, తెల్లగా నిమ్మళంగా ఉన్నాయి.

కామేశం కళ్ళు మెరిశాయి. "అద్భుతం! ఏ పెరుగైనా గట్టిపడేముందు మెత్తగా ఉండాలి కదా. ఏది ముందు మొదలుపెడితే అది కాసేపు రెండోదాని ఎదుట మెత్తగా కనబడాలి. అందుకని ఏదీ మొదలుపెట్టడం లేదు! రెండూ కాచుకు కూర్చున్నాయి, వర్ధనం! నా వ్యాసంలో ఈ సంగతే లేదు. నోట్‌బుక్కు ఏదీ?"

వర్ధనమ్మ నోట్‌బుక్కు తెచ్చి అతని చేతిలో పెట్టలేదు. ఎత్తి పెరట్లో పడేసింది. పాతికేళ్ళ కాపురంలో ఆమె వస్తువు విసరడం ఎవరూ చూడలేదు.

"మీ నాన్నగారి కడుపు ఖాళీ అవుతున్నకొద్దీ మీ నోట్‌బుక్కు నిండుతోంది. ఆ మనిషి బతుకుతారా లేదా? అది కనిపెట్టండి."

కామేశం ఆమె మొహం చూశాడు. తరవాత గుమ్మంలోంచి కనబడుతున్న తండ్రి చేతిని చూశాడు. దుప్పటి మీద ఆ చెయ్యి ఎంత తేలికగా ఉందో చూడ్డానికి సూది అక్కర్లేకపోయింది. పెరటి మెట్ల మీద కూలబడ్డాడు. ప్రపంచంలో ఏడుగురు చదివిన వ్యాసం రాసిన మనిషి, తన తండ్రికి ఒక ముద్ద పెరుగన్నం పెట్టలేకపోయాడు.

అదే సమయానికి పాలు పోసే సూరీడమ్మ పెరటి తలుపు తోసుకుని వచ్చింది. పాలు వాడుకగా పోస్తుంది. కాలనీ అవతల పాకలో రెండు గేదెలు.

"ఏటి బాబూ మెట్ల మీద కూకున్నారు? ముసలిబాబుకి ఎలగుంది?"

"తోడు లేదు సూరీడూ," అంది వర్ధనమ్మ. "వంద మైళ్ళ దూరం వెతికినా మెత్తని తోడు చుక్క లేదు."

"తోడు నేకపోతే?"

"తోడు లేకపోతే పెరుగెలా అవుతుందే?"

సూరీడమ్మ చెంబు కింద పెట్టి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మా అత్త కొండకి గేదెల్ని తోలుకెల్తే ఆడ తోడెవుడిస్తాడమ్మా? ఎండు మిరపకాయలు పది ఒలిచి, తొడిమిలు పాలల్ల పడేసేది. పొద్దుటికి పేరుకునేది. ఇంతమంది సదూకున్నోలున్నారు, ఈ ముక్క తెల్దేటి?"

వర్ధనమ్మ నుదురు కొట్టుకుంది. చిన్నప్పుడు తన అమ్మమ్మ అలాగే చేసేది. పాతికేళ్ళుగా ఇంట్లో తోడుకు లోటు లేక మరిచిపోయింది.

కామేశం లేచి నిలబడ్డాడు. "తొడిమల మీద ఉండే సూక్ష్మజీవులు వేరే వంశం. వాటికి మన జాడీ తెలియదు, జాడీ చీలిన సంగతీ తెలియదు! కానీ వర్ధనం, మన ఇంటి గాలి తగిలినా ప్రమాదమే. గిన్నె, గరిటె, చెయ్యి, చీర, అన్నిటికీ ఆ రెండు పక్షాల అంటు ఉంది. క్రిమిరహితమైన గది కావాలి. అది దేశంలో ఎక్కడుందో..."

"మడి కట్టుకుంటాను," అంది వర్ధనమ్మ.

అతను వాక్యం మధ్యలో ఆగిపోయాడు. తలస్నానం. తడిపి ఆరవేసిన, ఎవరూ తాకని చీర. ఎవరినీ అంటకుండా, దేనికీ తగలకుండా నడక. తను పదేళ్ళుగా ప్రయోగశాలలో రబ్బరు తొడుగులతో సాధించలేనిది, తన తల్లి రోజూ ఉదయం ఆరింటికి సాధించేదని అతనికి అప్పుడు తట్టింది.

ఆదివారం ఉదయం సూరీడమ్మ పాకలో పని మొదలైంది. కుమ్మరి ఆవం నుంచి నేరుగా తెచ్చిన రెండు కొత్త పిడతలు. సూరీడమ్మ కూడా తలస్నానం చేసి, గేదె పొదుగు కడిగి, ఒక పిడతలోకే పితికింది. ఆ పిడతలోనే పాలు కాచి, చల్లార్చి, రెండో పిడతలోకి వంచి, వర్ధనమ్మ పది తొడిమలు తుంచి వేసింది.

ఇద్దరు నిపుణులకూ వార్త చేరడానికి గంట పట్టలేదు. మూడో పెరుగు పుడుతోందంటే, అది ఎవరి వైపు? రెండు జీపులు రెండు వైపుల నుంచి వచ్చి పాక ముందు ఆగాయి. ఇద్దరి జేబుల్లోనూ చెంచాలున్నాయి.

"అమ్మా, నీకు పాలపొడి తెచ్చాను," అన్నాడు హార్ట్‌వెల్ డబ్బాలు దింపిస్తూ. "ఊరికే ఇస్తాను. నాది ఒక్క చెంచా ఆ కుండలో వెయ్యనీ."

"అమ్మా, సమోష్ణమును కాపాడు యంత్రమును తెచ్చితిమి," అన్నాడు గ్రిబానోవ్. "స్వీకరింపుడు. మా చెంచా మాత్రము–"

"మడి!" అంది వర్ధనమ్మ.

ఇద్దరూ ఒక్క అడుగు వెనక్కి వేశారు. గ్రిబానోవ్‌కు ఆ మాట నిఘంటువులో తెలుసు. హార్ట్‌వెల్‌కు నారాయుడి వల్ల తెలుసు. ఒకసారి తెలియక నారాయుడి తల్లి మడిచీరను తాకి, రెండు రోజులు భోజనం లేకుండా ఉన్నాడు.

"పాలపొడి అరుగు మీద పెట్టు నాయనా, పిల్లలకు పనికొస్తుంది. ఆ యంత్రం కూడా అక్కడే పెట్టు బాబూ, మంచిది. చెంచాలు జేబుల్లోనే ఉంచుకోండి. కుండకు పది అడుగుల దూరంలో కూర్చోదలిస్తే కూర్చోండి. ఇద్దరూ ఒకే వైపు కూర్చోండి. సూరీడు గేదెను అటు కడుతుంది."

చోటు అంతే ఉంది. గడ్డిమోపు మీద ఇద్దరూ భుజం భుజం తగిలేలా కూర్చున్నారు. సాయంత్రం వరకూ పిడతకు కాపలా కాశారు. పిడతను, ఒకరినొకరు, మళ్ళీ పిడతను చూసుకుంటూ. గేదె ఇద్దరి టోపీలూ సమానంగా నమిలింది.

సోమవారం మధ్యాహ్నం పదకొండో నంబరు ఇంట్లో శాస్త్రిగారిని ఇద్దరు పట్టి లేపి కూర్చోబెట్టాల్సి వచ్చింది. ఎనిమిది రోజులయింది. ఆయన కళ్ళు మూసే ఉన్నాయి. అరటాకు వేశారు, ఇంటి కంచాలను ఎవరూ నమ్మలేదు. కామేశం సూది పట్టుకురాలేదు. గుమ్మం అవతల హార్ట్‌వెల్, గ్రిబానోవ్, వాళ్ళ వెనక తులశమ్మ, వెనక సూరీడమ్మ, ఆ వెనక రెండు వరుసల ఇళ్ళవాళ్ళూ నిలబడ్డారు.

వర్ధనమ్మ మడిచీరతో పిడత తెచ్చింది. మూత తీసి వంచితే పెరుగు జారింది. జావలా, సన్నని ధారగా, తేట కక్కుతూ, మెత్తగా పిసికిన అన్నం చుట్టూ పాకింది. ఎక్కడో తొడిమ వాసన. ఆమె ముద్ద కలిపి మామగారి నోటికి అందించింది.

ముద్ద నోట్లోకి వెళ్ళింది. దవడలు కదిలాయి. ఆగాయి. గొంతులో ముడి పైకి వెళ్ళి కిందికి దిగింది. గుమ్మంలో ఎవరో ఊపిరి విడిచారు. అమెరికావాడో రష్యావాడో చెప్పడం కష్టం.

రెండో ముద్ద. మూడో ముద్ద. అయిదో ముద్దకు శాస్త్రిగారు కోడలి చెయ్యి పక్కకు నెట్టి, తన చెయ్యి ఆకులో పెట్టారు. తనంతట తాను కలుపుకుని, పెరుగును వేళ్ళ సందుల్లోంచి మళ్ళీ ఏరుకుని, ఆకంతా ఊడ్చారు. తరవాత కళ్ళు తెరిచి, వేలు నాకి, మాష్టారి గొంతుతో తీర్పు చెప్పారు:

"రుచి బాగానే ఉంది. కాస్త నీళ్ళగా ఉంది."

ఆ విమర్శ విని వర్ధనమ్మకు కన్నీళ్ళు ఆగలేదు. మామగారు బతికారు. ఆనందంతో ఏమంటోందో ఆమెకే తెలియలేదు.

"రేపు గట్టిగా తోడుకునేట్టు చేస్తాను లెండి మామయ్యగారూ. ఇంకో నాలుగు తొడిమలు ఎక్కువ వేస్తే–"

గుమ్మంలో రెండు పెన్నులు ఒకేసారి బయటికి వచ్చాయి. హార్ట్‌వెల్ "నాలుగు" అని రాసుకున్నాడు. గ్రిబానోవ్ అతని కాగితంలోకి తొంగిచూసి "అయిదు" అని రాసుకున్నాడు.

శాస్త్రిగారి చెవులు చురుకు. పెన్నుల గీతలు కూడా విన్నారు. ఎనిమిది రోజుల్లో ఎన్నడూ లేని బలంతో ఎంగిలిచెయ్యి అలాగే గాలిలో ఎత్తారు.

"వద్దమ్మా! నీకు పుణ్యముంటుంది. రేపూ ఇంతే, ఎల్లుండీ ఇంతే. నీళ్ళగా ఉండనీ." ఆ చెయ్యి తిరిగి ఆకు మీదికి దించి, ఖాళీగా ఉన్న చోటు చూపించారు. "అన్నం పెట్టు. ఆ నీళ్ళే ఇంకొంచెం పొయ్యి."